తమ్ముడి రెండో టీకా

చర్చి వెనక సామాన్ల గదిలో, కుర్చీల చాటున నక్కి కూర్చుంది ఆశాజ్యోతి. ఆమె ఐదో తరగతి. ఒళ్లో మూడు నెలలైనా నిండని తమ్ముడు నిద్రపోతున్నాడు.

అంగన్‌వాడీలో నర్సు నూకరత్నంగారు టీకాలు వేస్తున్నారు. పోయిన నెల ఆవిడ సూది వేశాకే తమ్ముడి ఒళ్లు పెనంలా కాలింది. తొడ వాచింది. ఏడ్చి ఏడ్చి వాడి గొంతు బొంగురుపోయింది.

పైగా "సూదిలో ఉండేవి రోగం క్రిములేనంట" అని తోటి పిల్ల దుర్గాశ్రీ బళ్లో చెప్పింది. అప్పట్నుంచీ ఆశకు అన్నం సహించడం లేదు. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఇవాళ అమ్మ బట్టలు ఆరేస్తుంటే, తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చేసింది.

"ఆశా!" బయట అమ్మ గొంతు.

ఆశ ఊపిరి బిగబట్టింది.

కాసేపటికి ఆ గొంతు కాలువ వైపు వెళ్లింది. "నా పిల్లల్నెవరైనా చూశారా అండీ? చంటోణ్ణి కూడా ఎత్తుకెళ్లిందండీ!"

ఎవరో నీళ్లలోకి దూకిన చప్పుడైంది. అమ్మ కేక పెట్టింది. అలాంటి కేక ఆశ ఎప్పుడూ వినలేదు. తమ్ముణ్ణి పొదువుకుని బయటికి పరిగెత్తింది.

రేవు మెట్ల మీద అమ్మ కూలబడి ఉంది. పక్కింటి ఏసుపాదం మావయ్య నడుముల్లోతు నీళ్లలో వెతుకుతున్నాడు.

"అమ్మా, ఇక్కడున్నాం!"

అమ్మ కొట్టలేదు. ఇద్దర్నీ వాటేసుకుంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

"ఎందుకే ఇలా చేశావ్?"

"సూదిలో రోగం క్రిములుంటాయంట. సూదేస్తే తమ్ముడు చచ్చిపోతాడనుకున్నానమ్మా!" ఆశ భోరుమంది.

రొప్పుతూ వచ్చిన నూకరత్నంగారు ఆశ పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. "సూదిలో ఉన్నవి చచ్చిన క్రిములూ, వాటి ముక్కలూనమ్మా. రోగం తేలేవు. వాటిని చూసి, శత్రువు ఎలా ఉంటాడో వీడి ఒళ్లు నేర్చుకుంటుంది. ఆ పనిలో కాస్త వేడెక్కుతుంది. రేపు నిజం క్రిమి వస్తే గుర్తుపట్టి తరిమేస్తుంది."

"మరి మళ్లీ ఎందుకండీ?"

"ఎక్కం ఒక్కసారి చదివితే నీకు వచ్చేసిందా? వాడికీ అంతే."

అంగన్‌వాడీలో తమ్ముణ్ణి ఆశే ఒళ్లో పడుకోబెట్టుకుంది. సూది దిగుతుంటే కళ్లు మూసుకుంది. కానీ వాడి కాలు వదల్లేదు.

సాయంత్రం వాడి నుదుటి మీద చెయ్యి వేసింది. వేడిగా తగిలింది. నర్సుగారు చెప్పిందంతా గుర్తుంది. అయినా భయం పోలేదు.

లేచి వంటింట్లోకి వెళ్లింది.

"అమ్మా, తమ్ముడి ఒళ్లు వేడెక్కింది. నాకు భయమేస్తోంది."

అమ్మ స్టవ్ ఆపింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ కూతురితో పాటు వాడి దగ్గరికి వచ్చి, ఆమె పక్కన కూర్చుంది.