జాడీలో ఎలుగుబంటి

"నవ్వావా?" అన్నారు కల్నల్ షూబిన్.

"లేదు సార్."

"నేనూ నవ్వలేదు."

తెర మీద ఓ ఎలుగుబంటి. తల తేనె జాడీలో ఇరుక్కుపోయింది. కింద ఒకటే వాక్యం: 'జాడీని నలువైపులా చుట్టుముట్టేశాను.' సరాతోవ్ ఊళ్లో ఆ మీమ్ చూడని ఫోన్ లేదు.

"రష్యాని వెక్కిరించడానికి విదేశీ గుంపు చేస్తున్న పని. ఇక్కడ వాళ్ల మనిషి జ్లాతా వెత్రోవా. పగలు మన ప్రచార శాఖలో దేశభక్తి పోస్టులు రాస్తుంది, సాయంత్రం మీమ్ ఛానల్ నడుపుతుంది. డబుల్ ఏజెంట్! ఇవాళ కజకిస్తాన్‌కి చెక్కేస్తోంది. ఛానల్ వాళ్లు పంపే డ్రైవర్ వేషంలో నువ్వెళ్లు. కోటు గుండీలో మైకుంది. కారు తాళం బటన్ నొక్కావంటే మనవాళ్లు లోపలికొస్తారు. ఈ ఎలుగుబంటికి ఏడేళ్లు జైలు ఖాయం."

ఏజెంట్ కిర్సాన్ లగూతిన్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. మారుపేరుతో ఆ ఛానల్లో చేరి, వాళ్ల నమ్మకం సంపాదించడానికి ఆ ఎలుగుబంటిని తయారుచేసింది తనే. చెబితే ఆ ఏడేళ్లూ తనకి. సిగ్గుతో చితికిపోతూనే సెల్యూట్ కొట్టాడు.

తలుపు తీసింది జ్లాతా. ఎర్రకోటులో సినిమా తారలా ఉంది.

"టీలో నిమ్మకాయ ఉందా?" అడిగాడు కిర్సాన్.

"నిమ్మకాయ ఉంది. టీయే లేదు."

ఛానల్ వాళ్ల కోడ్ కలిసింది.

"పదండి మేడమ్, ఆలస్యమవుతోంది."

"ఏం మనిషివయ్యా! ప్రయాణానికి ముందు కాసేపు కూర్చోకుండా ఎవరైనా గడప దాటతారా? మీ అమ్మ నేర్పలేదూ? కూర్చో!"

ఆమె సూట్‌కేసు మీద, అతను స్టూలు మీద కూర్చున్నారు. ఆచారం ప్రకారం మాట్లాడకూడదు. జేబులో అతని వేలు తాళం బటన్ మీదే ఉంది. ఎదురుగా ఫ్రిజ్ మీద తన ఎలుగుబంటి. పక్కనే యూనిఫాంలో ఓ కుర్రాడి ఫొటో, దాని మూలకి నల్ల రిబ్బన్. నొక్కాలి. ఇప్పుడే నొక్కాలి.

జ్లాతా లేచింది.

"మా తమ్ముడు. యుద్ధం నుంచి శవపేటికలో వచ్చాడు. ఆ తర్వాత నేను నవ్వింది ఒక్కసారే, ఆ ఎలుగుబంటిని చూసి. ఎవరు చేశారో తెలీదు. దొరికిపోతే నేనే చేశానని చెప్తా. పాపం, వాడైనా బతకనీ."

ఇక తట్టుకోవడం కిర్సాన్ వల్ల కాలేదు. కోటు గుండీ పుటుక్కున తెంపి, బల్ల మీదున్న ఉప్పు దోసకాయల జాడీలో పడేశాడు. సూట్‌కేసు అందుకున్నాడు.

"వెనక మెట్ల మీంచి పదమ్మా!"

మైకు మూగబోయిందని తేల్చుకున్నాక కల్నల్ మనుషులు తలుపు బద్దలుకొట్టారు. అప్పటికే వెనక సందులోని కారు మలుపు తిరిగింది.

ఆమెను సరిహద్దు దాటించి, కిర్సాన్ వెనక్కి వచ్చాడు. తను పారిపోతే ఆ ఎలుగుబంటిని ఇంకెవరి నెత్తినో రుద్దుతారని అతనికి తెలుసు.

కల్నల్ బల్ల మీద దోసకాయల జాడీ ఉంది. అడుగున గుండీ.

"విదేశీ గుంపేదయ్యా?"

"గుంపు లేదు సార్. ఎలుగుబంటిని చేసింది ఒక్కడే. మీ ఎదురుగా నిలబడ్డాడు."

కల్నల్ జాడీని దగ్గరికి లాక్కున్నారు.

"మరి మన ఆపరేషన్?"

"జాడీని నలువైపులా చుట్టుముట్టేశాం సార్."

కల్నల్ పెదవులు వణికాయి. ఈసారి ఆపుకోలేక పగలబడి నవ్వారు. కళ్లు తుడుచుకున్నాక, గార్డుల కోసం బెల్ నొక్కారు.