లైట్లార్పే మలుపు

మధురవాడ దాటి సముద్రం వైపు దిగే దారిలో, కొండని తొలిచి వేసిన మలుపు ఒకటుంది. పగలు అక్కడ మేకలు పడుకుంటాయి. చీకటి పడ్డాక మాత్రం... ఆ పేరెత్తడానికే జనం జంకుతారు.

అక్కడ తెల్లచీర మనిషి నిలబడి ఉంటుందట. బండి లైటు ఆమె మీద పడిందా — ఇక ఆ బండిని వదలదట. అందుకని మన మహానుభావులు ఒక ఉపాయం కనిపెట్టారు. మలుపు మొదట్లోనే లైటు ఆర్పేసి, ఊపిరి బిగబట్టి, చీకట్లోనే తిరిగిపోవడం! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. కొత్త బళ్లకి లైటు ఆర్పే వీలుండదు కదా, దానికోసం విడిగా స్విచ్చి పెట్టించుకుంటారు. రెండేళ్లలో ఐదుగురు పోయారు. "సూసావా, అది తినీసింది" అన్నారే తప్ప ఒక్కడూ బుర్ర పెట్టి ఆలోచించలేదు.

ఆ స్విచ్చిలు పెట్టేది మద్దిలపాలెం మెకానిక్ జలీల్. ఇప్పుడు చెప్పబోయేదంతా సాయిశంకర్ అనే కుర్రాడు ఆస్పత్రి మంచం మీద అతనికి చెప్పిందే. ఆ కుర్రాడి బండికీ స్విచ్చి పెట్టింది తనేనని నాకు చెప్తూ జలీల్ ఏడ్చేశాడు.

సాయిశంకర్‌కి పదిహేడేళ్లు. లైసెన్సు లేదు. నర్సుగా పనిచేసే అక్క దేవిశ్రీని డ్యూటీ దిగాక ఇంటికి తెచ్చే పని వాడిది. "మావోడు బండి బాగా తోల్తాడు" అని తల్లికి గర్వం. పోలీసులు కనిపిస్తే పెట్టుకుందామని హెల్మెట్ మోచేతికి తగిలించుకునేవాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మలుపు దగ్గరికొచ్చారు.

"సాయీ... లైటు ఆర్పీరా," దేవిశ్రీ వెనక నుంచి గుసగుసలాడింది. ఎంత నెత్తురు చూసినా బెదరని పిల్ల, అక్కడ మాత్రం తమ్ముడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

"ఆర్పీసాను. నువ్వు కళ్లు మూసుకో అప్పా."

కటిక చీకటి. ఇంజను చప్పుడు కొండకి తగిలి తిరిగొస్తోంది... కాదు. ఎదురుగా వస్తోంది!

చప్పుడుంది, వెలుగు లేదు. అంతలో — చీకట్లోంచి తెల్లగా ఏదో మీదికొచ్చి పడింది.

కళ్లు తెరిచేసరికి వాడు రోడ్డు పక్క తుప్పల్లో ఉన్నాడు. ఒక కాలు కదలడం లేదు. తడుముకుని ఫోన్ తీసి టార్చి వేశాడు. రోడ్డు మధ్యలో దేవిశ్రీ... ఊపిరి తీసుకుంటోంది గానీ లేవడం లేదు. ఆ పక్కనే పడిపోయిన ఇంకో బండి. దాని దగ్గర తన ఈడు కుర్రాడే ఒకడు. తెల్లచొక్కా, నుదుటి మీద నెత్తురు.

"అన్నా... టార్చి ఆర్పీ," అని గొణిగాడు ఆ కుర్రాడు. "అది సూసీత్తాది... నాను లైటు ఆర్పుకునే వచ్చాను... అయినా ఎదర్నించి వచ్చి గుద్దీసింది."

సాయిశంకర్ టార్చి ఆర్పలేదు. ఆ గుద్దిన దెయ్యం తనేనని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

అప్పుడు వినిపించింది... ఇంకో బండి పై నుంచి దిగుతోంది. దాని వెలుగు కొండ మీద పాకుతోంది. హమ్మయ్య అనుకున్నాడు. అక్క వైపు దేక్కుంటూ, ఫోన్ పైకెత్తి ఊపాడు.

"ఆపండి బాబూ... ఆపండి! మా అప్ప రోడ్డు మీదుంది!"

వచ్చేవాడికి ఆ కేక వినబడలేదు. మలుపులో, నేల మీద దేక్కుంటూ వస్తున్న తెల్లటి వెలుగు మాత్రం కనబడింది.

వాడు లైటు ఆర్పేసి, స్పీడు పెంచాడు.