నానమ్మ ఎడమ చెవి

సైన్సు టీచరు బోర్డు మీద చెవి బొమ్మ గీస్తున్నారు. ఉడుత బెంచీ కింద నుంచి వాటర్ బాటిల్ తీసుకుంది.

ఉడుత ఆ అమ్మాయి అసలు పేరు కాదు. గుండీ, స్క్రూ, పెన్ను మూత, ఏది దొరికినా జేబులో దాచుకుంటుందని ఇంట్లో అలా పిలుస్తారు.

"చెవి లోపల ఇదిగో ఇక్కడ సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి," అన్నారు టీచరు. "పెద్ద చప్పుడుకి అవి వంగిపోతాయి. మరీ పెద్ద చప్పుడైతే చచ్చిపోతాయి."

"మళ్లీ మొలుస్తాయా మిస్?" వెనక బెంచీ అబ్బాయి అడిగాడు.

"మొలవవు. నీ జుట్టు అనుకున్నావా, కత్తిరిస్తే నెలకి పెరగడానికి? పోతే పోయినట్టే."

క్లాసంతా నవ్వింది. ఉడుత నవ్వలేదు. నీళ్లు తాగబోయినదల్లా ఆగిపోయింది.

బాటిల్ మూతకి నారింజ రంగు బిరడా ఉంది. అది బాటిల్‌ది కాదు. నానమ్మ చెవిది.

నానమ్మకి ఒక్క చెవే వినిపిస్తుంది, ఎడమది. ముప్పై ఒక్క ఏళ్లు బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో పని చేసింది. ఆ చప్పుడుకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగం పోయి ఆగింది.

రిటైరయ్యాక ఒక సాయంత్రం కూరగాయల సంచితో మైదానం పక్క నుంచి వస్తుంటే, లోపల ఎవరో డ్రమ్స్ వాయించారు. నానమ్మ సంచి పట్టుకుని అక్కడే గంటన్నర నిలబడిపోయింది. అప్పటి నుంచి ఆమెకి రాక్ మ్యూజిక్ అంటే పిచ్చి. ఇప్పుడు అరవై ఏడేళ్లు. బీరువాలో చీరల పక్కన పదకొండు నల్ల టీషర్టులు ఉన్నాయి.

కాన్సర్ట్‌లకి వెళ్తానంటే చెవుల డాక్టర్ ఒకటే చెప్పారు. "వెళ్లండి. కానీ ఇది లేకుండా మాత్రం వద్దు." ఆమె చెవికి కొలత తీసి, నారింజ రంగు రబ్బరుతో ప్లగ్ చేయించి ఇచ్చారు. దాన్ని నానమ్మ చిన్న రేకు డబ్బాలో పెట్టుకుంటుంది.

నాలుగు రోజుల క్రితం ఉడుత బాటిల్ బిరడా పోయింది. ఈ ఏడాది అది మూడో బాటిల్. "ఇది కూడా పాడుచేశావంటే నీ పని చెప్తా," అని అమ్మ ముందే అంది. రేకు డబ్బాలో ప్లగ్ కనిపించింది. మూతకి పెట్టి చూస్తే సరిగ్గా పట్టింది. కానీ నీళ్లు రాలేదు. అందుకని కంపాస్ ముల్లుతో మధ్యలో ఒక చిల్లు పొడిచింది. కాన్సర్ట్ శనివారం కదా, అప్పటిలోగా తిరిగి పెట్టేద్దాంలే అనుకుంది.

ఇవాళ శనివారం.

*

ఒంటిపూట బడి వదలగానే ఉడుత ఇంటికి పరిగెత్తింది. నానమ్మ హాల్లో నిలబడి టీషర్టు ఇస్త్రీ చేసుకుంటోంది. అమ్మ లంచ్ ప్లేట్లు సర్దుతోంది.

"ఏమే ఉడుతా, పులి తరుముతోందా?" అంది నానమ్మ.

"ఏం లేదు నానమ్మా."

"అత్తయ్యా, కాలు నొప్పి అంటూ నిన్న మెట్లు కూడా ఎక్కలేదు. ఇవాళ అంతసేపు నిలబడతారా?" అడిగింది అమ్మ.

"మెట్లకి డ్రమ్స్ ఉన్నాయేంటే ఎక్కడానికి?" అంది నానమ్మ. "ఎనిమిది నెలలైంది ఈ బ్యాండ్ వచ్చి. గేటు తీయగానే పరిగెత్తి ముందు రెయిలింగ్ పట్టుకోవాలి నేను."

ఉడుత మెల్లగా నానమ్మ గదిలోకి వెళ్లింది. సంచిలో రేకు డబ్బా ఉంది. బాటిల్ నుంచి ప్లగ్ పీకి, లంగా అంచుతో తుడిచింది. చిల్లు చిన్నదే. వెలుతురుకి పట్టుకుంటే మాత్రం చుక్కలాగా తెల్లగా కనిపించింది.

చెప్పాలి, అనుకుంది. అప్పుడే అమ్మ గొంతు వినిపించింది. "ఉడుతా, ఆ బాటిల్ తెచ్చి ఇక్కడ పడెయ్, కడగాలి!"

ఉడుత చిల్లు కిందికి వచ్చేలా ప్లగ్‌ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

రెండింటికి నానమ్మ చెప్పులేసుకుంది. సంచి తడిమి, డబ్బా గలగలమనిపించింది. "నా చెవి ఉంది, నా టికెట్ ఉంది, పోయొస్తా," అంది. బస్సు ఎక్కేసింది.

*

గడియారం రెండుంబావు చూపించింది. ఉడుత హోంవర్క్ తీసింది. ఒక్క అక్షరం రాయలేదు.

నీళ్లు బయటికి వచ్చే చిల్లులో నుంచి చప్పుడు లోపలికి పోదా?

రెండు వేళ్లూ చెవుల్లో పెట్టుకుని చూసింది. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. నానమ్మకి రేపటి నుంచి ఇల్లు ఇలాగే ఉంటుందా? ఉడుత "నానమ్మా" అని పిలిస్తే ఇలాగే ఉంటుందా? వేళ్లు చటుక్కున తీసేసింది.

మూడున్నరకి అమ్మ వంటగది నుంచి అరిచింది. "ఈ బాటిల్ బిరడా ఏదే? గట్టంతా నీళ్లే!"

"ఏమో."

"ఏమో అంటే ఏంటి? కాళ్లొచ్చి వెళ్లిపోయిందా?"

గడియారం మూడూ ముప్పై రెండు. కాన్సర్ట్ ఐదింటికి.

ఉడుతకి అమ్మ అంటే భయం వేసింది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి వెనక నిలబడి ఉంది. ఒక్కసారిగా ఏడుపు వచ్చేసింది.

"అమ్మా, బిరడా పోయింది. నేను నానమ్మ చెవి ప్లగ్ పెట్టాను. దానికి చిల్లు పొడిచాను. మళ్లీ డబ్బాలో పెట్టేశాను. నానమ్మకి తెలీదు. అవి మళ్లీ మొలవవట అమ్మా!"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అరవలేదు. ఆమె ముఖం తెల్లబోయింది. అది చూసి ఉడుతకి ఇంకా భయం వేసింది.

అమ్మ ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. "ఆ జనంలో ఆవిడకి ఏం వినిపిస్తుంది?" అని తనలో తనే అనుకుంది. గ్యాస్ ఆపి, స్కూటీ తాళం తీసింది. "పద!"

*

దారిలో రెండు చోట్ల ట్రాఫిక్ ఆగిపోయింది. మైదానం ఇంకా కనిపించక ముందే ధనాధన్ అని చప్పుడు మొదలైంది. ఉడుత పక్కటెముకల్లో అదిరింది.

"అయిపోయిందమ్మా, మొదలైపోయింది!"

"ఉండవే! ఇంకా ఐదు కాలేదు. మైకులు పరీక్ష చేస్తున్నట్టున్నారు."

గేటు దగ్గర బ్యాగులు చూసే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "టికెట్లు?"

"టికెట్లు లేవమ్మా. మా అత్తగారు లోపల ఉన్నారు," అంది అమ్మ.

"అందరూ అదే చెప్తారు మేడం. ఇందాక ఒకాయన వాళ్ల మేనత్త ఉందన్నాడు."

ఉడుత ముందుకు వచ్చింది. "అక్కా, మా నానమ్మకి ఒక్కటే చెవి. ఆమె ప్లగ్ నేను పాడుచేశాను. ఆమెకి ఆ సంగతి తెలీదు."

అక్క ఉడుత ముఖంలోకి చూసింది. వాకీటాకీలో ఏదో చెప్పి, "నా వెంటే రండి," అంది. "ఎలా ఉంటారు ఆమె?"

"నల్ల టీషర్టు."

"పాపా, ఇక్కడ అందరివీ నల్ల టీషర్టులే."

నిజమే. ఎటు చూసినా నల్లటి వీపులు. ముందుకి పోయేకొద్దీ జనం గోడలా అయ్యారు. అక్క ఆగిపోయింది. అమ్మ కూడా ఆగిపోయింది. అప్పుడు రెండు భుజాల మధ్య నుంచి దూరంగా తెల్లని ముడి ఒకటి ఉడుతకి కనిపించింది. దానికి పెన్సిల్ గుచ్చి ఉంది. నానమ్మ ముడే.

"అమ్మా, అదిగో!" అని చెయ్యి విడిపించుకుని సందుల్లోకి దూరిపోయింది.

మోచేతుల కింద నుంచి, సంచుల పక్క నుంచి దూరింది. ఎవరో కాలు తొక్కారు. ఎవరో "ఏయ్ పిల్లా!" అన్నారు. స్టేజీ మీద లైట్లు వెలిగాయి. జనం ఒక్కసారిగా కేకలు వేశారు.

"నానమ్మా!" అని అరిచింది ఉడుత.

నానమ్మ తిరగలేదు. రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని స్టేజీ వైపే చూస్తోంది.

"నానమ్మా! నానమ్మా!"

అప్పుడు గుర్తొచ్చింది. తను కుడి పక్కన ఉంది. ఆ చెవికి ఎంత అరిచినా ఒకటే.

డ్రమ్స్ ముందు కూర్చున్నాయన రెండు పుల్లలూ పైకెత్తి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. ఉడుత వంగి నానమ్మ వెనక నుంచి ఎడమ పక్కకి దూరింది. మూడు. టీషర్టు పట్టుకుని బలమంతా పెట్టి గుంజింది. నానమ్మ ఉలిక్కిపడి కిందికి వంగింది.

ఉడుత తన రెండు అరచేతులూ నానమ్మ ఎడమ చెవి మీద అదిమి పెట్టింది.

నాలుగు.

ఆకాశం విరిగి మీద పడ్డట్టైంది. ఆ చప్పుడు ఉడుత తలలో దూరి పళ్ల దాకా వెళ్లింది. తన చెవులు మూసుకోవాలనిపించింది. చేతులు తీస్తే నానమ్మ చెవి పోతుంది. తీయలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది.

తర్వాత చప్పుడు కొంచెం దూరం జరిగింది. కళ్లు తెరిచి చూస్తే, నానమ్మ చేతులు ఉడుత చెవుల మీద ఉన్నాయి. ఏం జరిగిందో నానమ్మకి తెలీదు. మనవరాలి చెవులు మూయాలని మాత్రం తెలుసు.

"ప్లగ్‌కి చిల్లుంది నానమ్మా! నేనే!" అంది ఉడుత.

ఒక్క ముక్క వినిపించలేదు. ఉడుత తల అడ్డంగా ఊపింది. వెనక్కి వెళ్దాం అని కళ్లతో చూపించింది. నానమ్మ ఒకసారి రెయిలింగ్ వైపు చూసింది. తర్వాత నడిచింది. ఇద్దరూ అలాగే ఒకరి చెవులు ఒకరు మూసుకుని, పీతల్లాగా పక్కకి నడుస్తూ జనంలో నుంచి బయటికి వచ్చారు. వాళ్లు వదిలిన చోటు అప్పుడే నిండిపోయింది.

*

మైదానం చివర ఫస్ట్ ఎయిడ్ టెంటు వెనక చప్పుడు కాస్త తగ్గింది. అమ్మ, గేటు అక్క పరిగెత్తుకుంటూ వచ్చారు. ఉడుత మొత్తం మళ్లీ చెప్పింది. ఈసారి ఎడమ పక్కన నిలబడి చెప్పింది.

నానమ్మ చెవిలో నుంచి ప్లగ్ తీసింది. లైటుకి పట్టుకుని చూసింది. చిల్లులో నుంచి వెలుతురు చుక్క ఆమె చెంప మీద పడింది.

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఉడుతకి.

"పొడిచావు, సరే. అప్పుడు తెలీదు," అంది నానమ్మ. "మధ్యాహ్నం మూత వేశావు చూడు. అప్పుడు తెలుసుగా."

ఉడుత తల వంచుకుంది.

"మిల్లులో కూడా ఆ చప్పుడు చెవులకి మంచిది కాదని ఎవరికో తెలిసే ఉంటుంది. మాకు చెప్పలేదు." అంతే అంది. ప్లగ్‌ని డబ్బాలో పెట్టి మూత వేసింది.

అక్క టెంటులో నుంచి పసుపు పచ్చని స్పాంజి ప్లగ్‌లు రెండు జతలు తెచ్చింది. "అమ్మమ్మగారూ, ఇవి పెట్టుకోండి. కానీ వీటితో ముందుకి వెళ్లకండి. ఇక్కడి నుంచే చూడండి."

ఇక్కడి నుంచి బ్యాండ్ వాళ్లు అగ్గిపుల్లలంత ఉన్నారు. పాటలో ఎక్కువ భాగం గాలికే పోతోంది. నానమ్మ మడమలెత్తి చూసింది. రెయిలింగ్ అదురు అరచేతుల్లోకి వస్తుంటేనే ఆమెకి పాట పూర్తిగా వినిపించినట్టు ఉంటుందని ఉడుతకి తెలుసు.

ఉడుత టెంటు ఇనప రాటని ముట్టుకుని చూసింది. జాగ్రత్తగా నానమ్మ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. రాట సన్నగా అదురుతోంది.

నానమ్మ రెండో చెయ్యి కూడా పెట్టింది. కాసేపటికి ఆమె బొటనవేలు తాళం వేయడం మొదలుపెట్టింది.

*

ఆదివారం పొద్దున ఉడుత అందరికంటే ముందు లేచింది. నానమ్మ మంచం దగ్గర నిలబడి చిన్నగా పిలిచింది. "నానమ్మా."

కదల్లేదు.

"నానమ్మా!"

ఉడుత ఆమె భుజం పట్టి కుదిపింది. నానమ్మ ఇటు తిరిగింది.

"ఏంటే, కొంప మునిగిందా? ఎడమ చెవి దిండుకి ఆనించి పడుకుంటేనే కదా నాకు మీ నాన్న గురక తప్పేది!"

ఉడుత మంచం మీద కూలబడి, నవ్వుతూనే ఏడ్చింది.

సోమవారం బడి కాగానే చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆయన నానమ్మని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అద్దం బయట ఉడుత ఆమె వేలినే చూస్తూ కూర్చుంది. వేలు నొక్కినప్పుడల్లా ఊపిరి పీల్చుకుంది.

"పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే," అన్నారు డాక్టర్, కాగితం చూసి. తర్వాత నారింజ ప్లగ్‌ని చిన్న పట్టకారుతో పైకెత్తారు. "ఇది ఇలా ఎలా అయింది? మీరు చాలా జాగ్రత్త మనిషి కదమ్మా."

నానమ్మ ఉడుత వైపు చూడలేదు. "రబ్బరు కదా డాక్టర్‌గారూ. పాతబడి చిరిగినట్టుంది."

డాక్టర్ తలూపి, కాగితం మీద రాయబోయారు. ఆ మాటతో అంతా అయిపోయేది. ఎవ్వరికీ తెలిసేది కాదు.

ఉడుత కుర్చీలో నుంచి లేచి నిలబడింది.

"పాతబడలేదు డాక్టర్‌గారూ," అంది. "నేనే కంపాస్ ముల్లుతో పొడిచాను."

డాక్టర్ పెన్ను ఆగింది. నానమ్మ తన ఎడమ చెవిని మెల్లగా ఉడుత వైపు తిప్పింది.