జాడీ బరువు

"నన్నెవరో చంపుతున్నారు మాస్టారూ. ఇంట్లోవాళ్లే" అంది ఆమె, కుర్చీలో కూర్చోకముందే.

పింగాణీ పాత్రల కార్ఖానా ఆమెది. కొన్ని వారాలుగా కాళ్లూ చేతులూ పట్టు తప్పుతున్నాయి. కడుపులో మంటకు వాడే సుద్దమందు జాడీ కూడా ఎత్తలేనంత బరువుగా తోస్తోందని, తన సత్తువ అంతగా ఉడిగిందని చెప్పుకుంది. మందు తెచ్చి జాడీలో పోసేది భర్త. పక్కన పడుకునే మనిషిని అనుమానించడం కన్నా చావే తేలికని ఆమెకు అనిపిస్తోంది.

డిటెక్టివ్ ఒకప్పుడు రసాయనశాస్త్రం చెప్పినవాడు. మాస్టారు అన్న పిలుపు అలాగే నిలిచిపోయింది. ఆమె తెచ్చిన జాడీలోని పొడిని, ఆమ్లంలో తడిపిన తీగకు అంటించి మంటలో పెట్టాడు. ఇటుకరంగులో రావలసిన మంట లేతాకుపచ్చగా లేచింది. ఒకప్పటి శిష్యుడైన సహాయకుడు గుడ్లప్పగించి చూశాడు. మాస్టారు ముందుగా ఆమెను ఆసుపత్రికి పంపించాడు.

ఆమె కోలుకున్నాక కార్ఖానాలో విచారణ జరిగింది. పొట్లం విప్పి పోయడం తప్ప మళ్లీ జాడీని తాకలేదన్నాడు భర్త. పూతలు కలిపే మరిది అసలు ముట్టనేలేదన్నాడు. "వదిన మందు జోలికి పోతే నా వేళ్లు మిగులుతాయా మాస్టారూ?" అని నవ్వాడు. తాను కనిపెట్టిన నీలం పూత గురించి అడిగినప్పుడు మాత్రం ఆ నవ్వు లేదు. పులుపు తగిలితే ఆ పూతలోంచి విషం దిగుతుందని వదిన దాన్ని మాన్పించింది.

మాస్టారు అందరినీ కూర్చోబెట్టి, అరలో ఉన్న మందు జాడీని ఒక్కొక్కరే తెచ్చి చూపమన్నాడు. భర్త చేయి ముందుకు సాగినప్పుడు ఆమెకు ఊపిరాడలేదు. అతను మామూలుగా ఎత్తి తెచ్చి, తిరిగి పెట్టేశాడు. తరువాత మరిది బిగించి పట్టి లేపాడు. చేయి ఒక్కసారిగా పైకెగిరి పై అరకు తగిలింది. నీలం కప్పు ఒకటి కిందపడి పగిలింది.

"ఇప్పుడందులో ఉన్నది అసలు సుద్దే" అన్నాడు మాస్టారు. "మీ అన్నయ్య చేతికి తెలిసిన బరువు అదే. ఎన్నడూ ముట్టని జాడీ ఇంకా బరువుంటుందని నీ చేతికెవరు చెప్పారు బాబూ?"

మరిది జాడీని తిరిగి అరలో పెట్టేశాడు.

"సుద్దలో ఉండేది కాల్షియం, ఆ రోజు ఆకుపచ్చగా మండింది బేరియం. ఆవర్తన పట్టికలో రెండూ ఒకే నిలువు వరుస. బయటి పొరలో రెంటికీ రెండే ఎలక్ట్రాన్లు, అందుకే నడవడి ఒకటి. రెంటి కార్బొనేట్లూ తెల్లటి పొడులే, కడుపులోని ఆమ్లంలో కరిగేవే. ఆ పోలికనే నమ్ముకుని నువ్వు సుద్ద తీసి బేరియం పొడి పోశావు. కానీ వరుసలో కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదై బరువెక్కుతుంది. మీ వదినకు జాడీ బరువుగా తోచడం ఒట్టి నీరసం కాదు, అది నిజంగానే బరువెక్కింది. కాల్షియం ఎముకలో ఒదుగుతుంది. నీ నీలం పూతలోని బేరియం కండరాల్లో పొటాషియం నడిచే దారులను మూసేస్తుంది."

"ఆ నీలం నా ప్రాణం వదినా. పారబొయ్యమని ఒక్కమాటలో అనేశావు" అన్నాడు మరిది, పెంకుల వైపు చూస్తూ.

పోలీసులు అతన్ని తీసుకువెళ్లాక భర్త జాడీ తెచ్చి ఆమెకు అందించాడు. లోపల సుద్దేనని ఆమెకు తెలుసు. అయినా రెండు చేతులతో బిగించి పట్టుకుంది. చేతులు రెండూ పైకెగిరాయి. ఇన్నాళ్లూ మోసిన విషం బరువును అవి ఇంకా మరచిపోలేదు.

భర్త అది చూశాడు. జాడీ కింద తన చేయి కూడా పెట్టాడు.