హోరు కోరిన గొంతు

ఆదివారం... అమావాస్య... ఆపైన రాహుకాలం!

దిల్‌సుఖ్‌నగర్ మీద కారుమేఘాలు కమ్ముకుని పట్టపగలే చీకటి పడింది. ఉరుములు దిక్కులను దద్దరిల్లజేస్తున్నాయి. వాలడానికి చెట్టు దొరకని గుడ్లగూబ ఒకటి మెట్రో స్తంభం మీద కూర్చుని, కింద పోయే బస్సులను రెప్ప వేయకుండా చూస్తోంది. కోచింగ్ సెంటర్ల సందులో ఒక పాత భవనం. దాని పై అంతస్తు గదిలో కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. గది నడుమ రక్తవర్ణంలో ముగ్గు... ముగ్గు నడుమ కింది దవడ లేని కపాలం... దానికి ఎదురుగా, ఎర్రగా వెలుగుతున్న గాజు వాల్వులతో, పాతకాలం గిటార్ యాంప్లిఫయర్!

క్షుద్రపూజలో గిటార్ యాంప్ ఏమిటని మీకు అనుమానం రావచ్చు. గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డ జైపాల్‌కూ వచ్చింది. కానీ అడగడానికి అతనికి ముఖం చెల్లలేదు.

జైపాల్ దుకాణం అదే భవనంలో కింద ఉంది. వాల్వుల యాంప్‌లు బాగుచేయడంలో తనంతటి వాడు నగరం తూర్పున మరొకడు లేడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా అతనే చెబుతుంటాడు. ఎల్‌బీ నగర్‌లో ఉండే శ్రీరామమూర్తి గారు, వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించిన పెద్దమనిషి, చిటపటలాడుతోందని తన యాంప్‌ను తెచ్చి ఇచ్చాడు. చిటపట ఒక పూటలో పోయింది. దాని వెనకే హోరు మొదలైంది. తీగ ముట్టుకోకపోయినా స్పీకర్లోంచి ఒకటే శ్రుతిలో 'ఊఁ...' అంటూ ఎవరో పళ్లు బిగించి ఏడుస్తున్నట్టు!

ఫోన్‌లో చెబితే పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "మా ఇంట్లో చిటపట ఒక్కటేనండీ. ఈ హోరు ఎప్పుడూ లేదు."

"ఉండే ఉంటది సార్, మీ చెవులకు ఆనలేదేమో," అని జైపాల్ నవ్వాడు.

వాల్వులు మార్చాడు. కెపాసిటర్లు కొత్తవి వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కకు తిప్పి బిగించాడు, వైర్లను మెలిపెట్టి దూరం జరిపాడు. యాంప్ రేకు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి గానీ, హోరు గొడవలో ఆ జివ్వుమనడాన్ని అతను లెక్కచేయలేదు. హోరు మాత్రం రవ్వంత తగ్గలేదు. పక్క దుకాణాల వాళ్లు టీ తాగుతూ, "ఏందన్నా, గా డబ్బా ఇంకా ఏడుస్తనే ఉన్నదా?" అని ఆటపట్టించారు. నాతోని అయితలేదు సార్ అని ఆ ఒక్క మాట చెప్పి యాంప్ తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది. ఆ మాట అతని గొంతు దాటలేదు. అప్పుడే పై అంతస్తులో వాస్తు, జాతకాల బోర్డు పెట్టుకున్న పట్టాభి మెట్లు దిగి వచ్చి, హోరు నేను ఆపుతానన్నాడు. తెల్లచొక్కా, మర్యాదగా నవ్వే ముఖం. గొంతు మాత్రం గచ్చు మీద పాత చీపురు గీసినట్టు ఉంటుంది.

ఆ గొంతే ఇప్పుడు చీకట్లో గరగరలాడింది.

"హోరు చావదు నాయనా. ఇక్కణ్ణుంచి తీస్తే ఇంకోచోట పెట్టాలి. మీ ఇంట్లో పాడే గొంతేదైనా ఉందా?"

బయట మెరిసిన మెరుపు నల్లగుడ్డ సందుల్లోంచి కపాలం కళ్లల్లోకి దిగింది. జైపాల్ పెదవులు తడుపుకున్నాడు.

"నా భార్య స్వప్న... వంట చేసుకుంట పాడ్తది."

ఆ మాట వెనక ఏముందో అతనికి లీలగా తెలుసు. తెలిసే చెప్పాడు. పాపమంతా అక్కడే ఉంది.

పట్టాభి కళ్లు నిప్పుకణికలయ్యాయి. మంత్రోచ్చారణ మొదలైంది... నిమ్మకాయ ఎవరూ ముట్టకుండానే నిలువునా చీలింది... హోరు పెరిగి పెరిగి గోడలు కంపించాయి... వాల్వుల్లో ఎరుపు నీలంగా మారింది... అంతలో ఒక్కసారిగా నిశ్శబ్దం! యాంప్ వెలుగుతూనే ఉంది, స్పీకర్లోంచి ఊపిరంత చప్పుడైనా లేదు. ఈ గదిలోంచి ఏదో బయటికి వెళ్లిపోయిందని జైపాల్ వెన్ను చెప్పింది.

యాంప్‌ను అటునుంచి అటే ఎల్‌బీ నగర్ చేర్చాడు. శ్రీరామమూర్తి గారు తీగ మీటి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, "మీ చేతిలో మహత్తు ఉందండీ," అన్నాడు. జైపాల్ తల వంచుకున్నాడు. పెద్దాయన దాన్ని వినయమనుకున్నాడు.

అల్మాస్‌గూడలో ఇంటి మెట్లెక్కుతుంటేనే అత్త ఈరమ్మ ఎదురొచ్చింది. కూతుర్ని చూసిపోదామని వచ్చి నాలుగు రోజులుగా అక్కడే ఉంటోంది.

"అల్లుడా, పిల్ల మాట్లాడ్తలేదు. కూర తాళింపు పెట్టుకుంట పాడుతుండె. పాట నడుమల ఆగింది. అప్పటి సంది గట్లనే కూసున్నది."

వంటగదిలో కూర మాడిన వాసన. నేల మీద స్వప్న కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి, చూపు లేదు. పెదవులు కుట్టేసినట్టు బిగుసుకున్నాయి. బిగుసుకున్న ఆ పెదవుల వెనకనుంచి... 'ఊఁ...'

అదే శ్రుతి. ఆ శ్రుతిని ఎక్కడ విన్నా జైపాల్ గుర్తుపట్టగలడు.

"గొంతు నొప్పేమో అత్తమ్మా. రేపు దవాఖానకు తీస్కపోతా," అన్నాడు. మాట ఎంత మామూలుగా వచ్చిందో విని అతనికే అసహ్యం వేసింది.

దవాఖానలో ఏమీ తేలలేదు. నిద్రలోనూ హోరు ఆగలేదు. చెంచాతో పోసిన గంజినీళ్లు తప్ప ఆమె గొంతు ఏమీ దిగడం లేదు, మనిషి రోజురోజుకూ సన్నబడుతోంది. ఒకరోజు ఈరమ్మ బయటికి వెళ్లినప్పుడు జైపాల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు జివ్వుమన్నాయి. జేబులోంచి టెస్టర్ తీశాడు. తన భార్య గాజుకు ఆనించాడు. టెస్టర్లో బల్బు వెలిగింది!

స్వప్న కళ్లు మెల్లగా తిరిగి అతని ముఖం మీద ఆగాయి. ఆ చూపులో పిచ్చి లేదు. మొగుడు తనను ఫ్రిజ్‌ను చూసినట్టు టెస్టర్ పెట్టి చూస్తున్నాడని ఆమెకు తెలుస్తోంది. ఎందుకిలా అయిందో కూడా తెలుసేమోనని మొదటిసారి అనుమానం వచ్చి జైపాల్ సిగ్గుతో కుంచించుకుపోయాడు.

ఆ సాయంత్రమే పట్టాభి కాళ్ల మీద పడ్డాడు. పట్టాభి కాళ్లు వెనక్కి లాక్కోలేదు.

"మంత్రానికి గొంతు కావాలిరా. నాది అరిగిపోయింది. వచ్చే అమావాస్యకు నీ పెళ్లాం గొంతు నాది, ఆమె ప్రాణం నా దేవతది. పో, నలుగురికీ చెప్పుకో చూద్దాం. ఎలా చెబుతావు? ఇచ్చింది నువ్వేగా. నీ సిగ్గే నాకు కావలి కుక్క."

నిజమే. జైపాల్ ఎవరికీ చెప్పలేదు. ఈరమ్మ తాయెత్తులు కట్టిస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు. చివరికి అమావాస్య రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం దిక్కుతోచక, హోరును మళ్లీ యాంప్‌లోనే పెట్టించుకుందామని ఎల్‌బీ నగర్‌కు పరిగెత్తాడు.

"సార్, ఆ యాంప్ జర ఇయ్యండి. హోరు పూర్తిగ పోలేదు. మళ్ల చూస్తా."

శ్రీరామమూర్తి గారు విసుక్కున్నాడు. "అసలు దీంట్లో హోరు ఎప్పుడుందండీ? మొదటి రోజే చెప్పాను కదా. మా ఇంట్లో లేదు, మీ దుకాణంలోనే వచ్చింది."

జైపాల్ తన వేళ్ల వంక చూసుకున్నాడు.

మా దుకాణంలోనే! యాంప్ రేకు ముట్టుకుంటే జివ్వుమంది. స్వప్నను ముట్టుకున్నా జివ్వుమంది. ఏ మెకానిక్ అయినా మొదటి రోజు చూడాల్సింది ఎర్త్! భవనంలోని ప్రతి ప్లగ్గు నుంచి ఎర్త్ వైరు వెళ్లి నేలలోకి దిగే ఒక గుంట ఉంటుంది. రాగి రేకు పాతి, బొగ్గు, ఉప్పు నింపి, ఎండకు ఆరిపోకుండా నీళ్లు పోస్తుండాలి. వైర్లలో తిరుగుతున్న పీడ అంతా అక్కణ్ణుంచే భూమిలోకి పోతుంది. యాంప్‌ను ఒక్కసారి వేరే ఇంట్లో పెట్టి చూసినా సంగతి తేలిపోయేది. పెద్దాయన చెవులను ఎగతాళి చేశాడే తప్ప ఆ పని చేయలేదు.

ఫోన్ మోగింది. ఈరమ్మ. "అల్లుడా, పిల్ల లేసి బయటవడ్డది. ఎవలో పిలిచినట్టు ఉరుకుతున్నది. ఆటో ఎక్కించిన, ఇగ దిల్‌సుఖ్‌నగర్ దిక్కే చెయ్యి చూపెడ్తున్నది."

"నేనూ గాడికే వస్తున్న అత్తమ్మా," అన్నాడు జైపాల్. అతని ముఖం చూసి శ్రీరామమూర్తి గారు కూడా అతనితో ఆటో ఎక్కాడు.

భవనం వెనక, చెత్త పేరుకున్న మూలలో ఎర్త్ గుంట. జైపాల్ మెయిన్ స్విచ్ కట్టేసి సిమెంటు మూత లాగాడు. లోపల చుక్క తడి లేదు. తెగ్గోసిన ఎర్త్ వైరు కొస ఒక ఎముకకు చుట్టి ఉంది... పళ్లున్న ఎముక... కపాలానికి లేకుండా పోయిన కింది దవడ! హోరు పుట్టించింది పట్టాభే!

ఆకాశం ఫెళఫెళార్భాటంతో గర్జించింది. "ముట్టావంటే భస్మమవుతావు!" కపాలం చేతపట్టుకుని పట్టాభి మెట్ల మీద నిలబడ్డాడు. అప్పుడే సందు మొదట్లో ఆటో ఆగి, ఈరమ్మా స్వప్నా దిగారు. స్వప్న పాదాలు నేలకు ఆనీ ఆననట్టు నడిచి వస్తోంది. హోరు ఎంత పెరిగిందంటే దుకాణాల షట్టర్లు గజగజలాడాయి. పక్క దుకాణాల వాళ్లంతా బయటికి వచ్చారు.

జైపాల్ చెయ్యి దవడ మీదే ఉంది. ఎంత లాగినా ఊడి రావడం లేదు. పట్టాభి నవ్వాడు.

"ఇచ్చినవాడు అందరి ముందూ నోటితో తిరిగి అడిగితే తప్ప అది కదలదు. అడుగు. నీ గొప్పంతా వినిపించు."

సందులో అందరూ చూస్తున్నారు. రోజూ ఎగతాళి చేసే వాళ్లు, మహత్తు ఉందన్న పెద్దాయన, కూతుర్ని నమ్మి అప్పజెప్పిన అత్త. స్వప్న ముక్కులోంచి సన్నగా నెత్తురు కారడం జైపాల్ చూశాడు.

"అత్తమ్మా," అన్నాడు. "గా యాంప్ నాతోని బాగు కాలే. చేతకాలేదని చెప్పుకునేటందుకు సిగ్గయి, స్వప్న గొంతును ఈనకు ఇచ్చిన. తెలిసే ఇచ్చిన." భార్య వైపు తిరిగాడు. "స్వప్నా, నీ గొంతు ఇచ్చేటందుకు నేనెవణ్ణి? వాపస్ అడుగుతున్న."

దవడ చేతిలోకి ఊడి వచ్చింది.

"బొగ్గులు, ఉప్పు, నీళ్లు తెండి," అన్నాడు జైపాల్. ఇస్త్రీ చేసే బుచ్చయ్య తన బొగ్గుల గోనె తెచ్చి గుంటలో కుమ్మరించాడు. కిరాణా షాపు వాళ్లు రాళ్ల ఉప్పు తెచ్చారు. జైపాల్ ఎర్త్ వైరును రాగి రేకుకు బిగించాడు. శ్రీరామమూర్తి గారు రెండు చేతులతో బకెట్ ఎత్తి నీళ్లు పోశాడు. పట్టాభి పరుగున వచ్చి దవడను లాక్కుని కపాలానికి అతికించబోయాడు. అతని పాదాలు ఉప్పునీటి బురదలో పడ్డాయి!

సహస్ర కంఠాల హోరు ఒక్కపెట్టున కదిలింది... ఇన్నేళ్లుగా మంత్రగాడు మింగిన గొంతులన్నీ అతని దేహంలోంచి దారి చేసుకుని పాదాల గుండా పాతాళానికి పోతున్నాయి... అతను కేక పెట్టాలని నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి గాలి కూడా రాలేదు. ఏ క్షుద్రదేవతా భూదేవికి ఎదురు నిలవలేదు. కపాలం పిండిగా రాలింది. ఎండిన గుంట నీళ్లు తాగినట్టు నేల అతన్ని తాగేసింది. మిగిలింది బొగ్గుబారిన పిడికెడు ఎముకలు. వాన మొదలైంది. పిడుగు పడిందని ఆ తర్వాత సందులో అందరూ చెప్పుకున్నారు.

నిశ్శబ్దంలో స్వప్న పెదవులు విడిపడ్డాయి. "అమ్మా," అంది. జైపాల్ ముందుకు వచ్చాడు. ఆమె తల్లి భుజం మీద తల పెట్టుకుంది, అతని వైపు చూడలేదు.

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు ఏ యాంప్ వచ్చినా జైపాల్ ముందు ఎర్త్ చూస్తాడు, తెచ్చినవాళ్లు చెప్పింది ఆసాంతం వింటాడు. చేతకానిది చేతకాదని చెప్పి పంపేస్తాడు. ఇంట్లో కూడా అంతా మామూలే. స్వప్న మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, కూరగాయలు తెమ్మంటుంది. వంట చేస్తూ పాడుతుంది కూడా. అతని అడుగు చప్పుడు వినపడిందంటే మాత్రం పాట ఆగిపోతుంది.

అందుకే సాయంత్రాలు జైపాల్ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతాడు. కొత్తపేట రైతుబజార్ సంచీ పక్కన పెట్టుకుని, తలుపు బయట పై మెట్టు మీద కూర్చుంటాడు. లోపల పాట అయిపోయేదాకా వింటాడు. ఆ తర్వాత చప్పుడు లేకుండా నాలుగు మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, ఇప్పుడే వస్తున్నట్టు టపటపా అడుగులేస్తూ పైకి వస్తాడు.