కవ్వింపు గది

ఆ పూట మూడో ఖైదీని తిట్టడానికి మణికుమారి గొంతు సవరించుకుంది. తిట్టడమే ఆమె ఉద్యోగం. కాకినాడ శమనాలయమనే జైల్లో కవ్వింపు అధికారి. పదేపదే కత్తి పట్టినవాళ్లకి ఇప్పుడు ఏళ్ల లెక్కన శిక్షలు లేవు. మణికట్టుకి కోపాన్ని పసిగట్టే రోషపట్టీ కట్టి కవ్విస్తారు. పట్టీ పచ్చగా ఉంటే ఇంటికి, ఎర్రబడితే బతికున్నంతకాలం లోపలే.

ఎదుట కూర్చున్నవాడు నూకరాజు. ముగ్గురిని పొడిచినవాడు.

"చేపల మార్కెట్లో మనుషుల్ని కోసిన మొనగాడివి నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి. మూడో ఆయనకి ఇప్పటికీ చెయ్యి లేవదండి." తల దించుకున్నాడు. పట్టీ పచ్చగానే ఉంది.

అద్దం అవతల అతని భార్య లోవకుమారి, ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. ప్రతి వారం వస్తుంది. కొర్రమీనో పండుగప్పో పులుసు వండుకొస్తుంది. ఆమెను చూస్తే మణికుమారికి కడుపు రగిలిపోతుంది. చీమకు కూడా హాని చెయ్యని తనను "నీ నోటికో దండం" అని మొగుడు వదిలేసిపోయాడు. ఈ కత్తిపోట్ల వీరుడికి మాత్రం పులుసూ, ఎదురుచూపులూనా! కుళ్లు కాక మరేమిటి, కుళ్లే.

కవ్వింపులో నిజాలే వాడాలన్నది నిబంధన. మణికుమారి అబద్ధమాడింది.

"నీ లోవ ఇంకొకడితో ఉంటోందిరా. ఇవాళ ఆఖరిసారి చూసిపోదామని వచ్చింది."

పట్టీ భగ్గున ఎర్రబడింది. నూకరాజు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. కాపలావాళ్లు తలుపు దాకా వచ్చారు. అతను రెండు చేతులూ చంకల్లో బిగించుకుని గోడవైపు తిరిగాడు.

"దాన్నేం అనకండి మేడం గారూ. ఇన్నాళ్లు ఓర్చుకుంది, అదే ఎక్కువండి."

"ఎరుపు నమోదైంది. ధ్రువీకరించండి," అంది బల్ల మీది తీర్పుయంత్రం.

మణికుమారి దాని మీట మీద వేలు పెట్టింది. అవతల, ఏమీ వినపడని లోవకుమారి ఆమెను చూసి నవ్వి నమస్కారం పెట్టింది. మణికుమారికి చచ్చేంత సిగ్గేసింది.

"ధ్రువీకరించను. నేను అబద్ధమాడాను, రాసుకో. ఇతనికి కోపం వచ్చింది. చెయ్యి మాత్రం లేవలేదు."

"అటువంటి ఫలితం పట్టికలో లేదు."

"లేకపోతే చేర్చు. నా ముందు ఎర్రబడ్డవాళ్లందర్నీ మళ్లీ పిలిపించు. నేను వాళ్ల పట్టీలే చూశాను, చేతులు చూడలేదు."

యంత్రం పాత తీర్పులు తిరగతీయడం మొదలుపెట్టింది. శమనాలయంలోని కవ్వింపు గదులన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"ఊరికే అన్నారా అండి?" నూకరాజు నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరికే అన్నాను. నీ పెళ్లాం నీదే."

తలుపు తీసి లోవకుమారిని లోపలికి పిలిచింది. ఆమె పరుగున వచ్చి మొగుడి తల ఒళ్లోకి తీసుకుంటే, మణికుమారికి మళ్లీ కుళ్లొచ్చింది.