ఎడమ ట్రాక్, కుడి ట్రాక్

"పదిహేడో నంబర్ స్పానర్!"

బండి కింద పడుకున్న నాన్న చేయి బయటికి చాచాడు. చాందిని గబుక్కున పనిముట్ల పెట్టె వైపు వంగింది. కానీ అప్పటికే ఆ చేతిలో స్పానర్ పడింది.

"శభాష్ అరీబా! వచ్చి వారమైనా కాలేదు, అన్నీ పట్టేశావే!" అన్నాడు నాన్న.

అరీబా నవ్వింది. చాందిని నవ్వలేదు. ఆమె చేతిలో టార్చిలైటు ఉంది. దాన్ని ఎటు చూపించాలో కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

"చాందినీ, లైటు ఎక్కడమ్మా? చీకట్లో చేయమంటావా?"

నాన్న మామూలుగానే అన్నాడు. అయినా చాందినికి చురుక్కుమంది.

నాన్న పేరు సింహాచలం. జురాంగ్ ఈస్ట్‌లో వాళ్ల ఫ్లాట్ ఉన్న బ్లాక్‌కి ఎదురుగా, రోడ్డు దాటితే ఆయన వర్క్‌షాప్. స్కూలుకి సెలవులు వస్తే చాందిని అక్కడే ఉంటుంది. లైటు పట్టుకుంటుంది, నట్లు ఏరుతుంది, అడగకముందే స్పానర్ అందిస్తుంది. "ఇది నా కుడిచేయి" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఈ నవంబరు సెలవుల్లో అరీబా వచ్చింది. హైదరాబాద్ నుంచి ఈ దేశం వచ్చి, చాందిని వాళ్ల బ్లాక్‌లోనే తొమ్మిదో అంతస్తులో దిగారు వాళ్లు. వాళ్ల నాన్న మొహ్సిన్ అంకుల్‌కి సైన్స్ పార్క్‌లో కంప్యూటర్ ఉద్యోగం. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తికమకపడతాయట. అలా కాకుండా చూసే పనిలో ఆయన ఇంటికే సరిగా రావడం లేదు. "పాపం, కొత్త పిల్ల. నీతో తీసుకెళ్లు" అంది అమ్మ. చాందినే చేయి పట్టుకుని వర్క్‌షాప్‌కి తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ చేయి ఎందుకు పట్టుకున్నానా అని ఏడుస్తోంది లోపల.

వర్క్‌షాప్‌లో ఉన్న బండి మామూలు బండి కాదు. నాలుగు లావు చక్రాల ఏటీవీ. బురదైనా ఇసుకైనా లెక్కచేయదు. దగ్గరలో కొత్తగా ఒక మంచు హాలు కడుతున్నారు. ఎండలూ వానలూ తప్ప వేరే ఎరగని ఊళ్లో, నాలుగు గోడల మధ్య నిజమైన మంచు! ఆ మంచు మీద చక్రాలు జారిపోతాయి. అందుకే చక్రాలు తీసేసి, యుద్ధట్యాంకుకి ఉండేలాంటి రబ్బరు ట్రాక్‌లు బిగించాలి. ముందు వైపు మంచును తోసే వెడల్పాటి ఇనుప బ్లేడు అమర్చాలి. రేపు పొద్దున హాల్లో నడిపి చూపిస్తానని నాన్న మాటిచ్చాడు.

"వీటిలో ఏది ఎడమో ఏది కుడో తెలియడం లేదే!" నాన్న ట్రాక్‌లను అటూ ఇటూ తిప్పాడు. ముందువి చిన్నవి, వెనకవి పెద్దవి; కానీ ఏ జతకి ఆ జత కవలపిల్లల్లా ఉన్నాయి.

అరీబా నేల మీద బోర్లా పడుకుంది. రబ్బరుకి ముక్కు ఆనించి వెతికింది.

"అంకుల్! ఇక్కడ బాణం గుర్తుంది! బియ్యపు గింజంత!"

నాన్న కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "అవును సుమా! నా కళ్లకి ఆనలేదు. ఈ బాణం బండి ముందుకు చూడాలి. అమ్మా, నువ్వే అన్నీ చూసి, టేపు మీద ఎల్ అనీ ఆర్ అనీ రాసి అతికించు. నేను దాన్ని బట్టి బిగించేస్తా."

నువ్వే! ఆ మాట చాందిని చెవిలో జోరీగలా తిరిగింది. ఇన్నేళ్లలో తనకెప్పుడూ ఇలాంటి పని చెప్పలేదు. లైటు పట్టుకో, నట్లు ఏరు. అంతే.

అరీబా ఒక్కో ట్రాక్‌నూ రెండేసి సార్లు చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలు రాసి టేపులు అతికించింది.

"రండి, మకాన్, తిందాం! నూడుల్స్ చల్లారిపోతాయి" అని నాన్న బయటి బెంచీ దగ్గర నుంచి పిలిచాడు. అరీబా పరిగెత్తింది.

"చేతులు కడుక్కుని వస్తా" అంది చాందిని.

కానీ కొళాయి దగ్గరికి వెళ్లలేదు. ట్రాక్‌ల ముందు నిలబడింది. అరీబా తప్పు చేసిందని నాన్న ఒక్కసారి అనుకుంటే చాలు. ఒక్కసారే. వెనక ట్రాక్‌ల మీది రెండు టేపులూ ఊడదీసి, దాని మీదిది దీని మీద, దీని మీదిది దాని మీద అతికించింది.

తర్వాత నూడుల్స్ తింది. ఏమీ రుచి తెలియలేదు.

నాన్న చక్రాలు విప్పాడు. టేపులు చూసుకుంటూ నాలుగు ట్రాక్‌లూ బిగించాడు. బ్లేడు తెచ్చి బండి కింది చట్రానికి అమర్చి, దాన్ని లేపే స్విచ్‌ను వైరుతో వెనక సీటు దాకా లాగాడు. మధ్యాహ్నమంతా ఆ పనే. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"ఇక చూడండి!" అని బండి ఎక్కి స్టార్ట్ చేశాడు.

బండి రెండు గజాలు కదిలింది. వెనక నుంచి గర్రుమని చప్పుడు వచ్చింది. రబ్బరు మడ్‌గార్డ్‌కి రాసుకుంది. కాలిన వాసన కొట్టింది. నాన్న చప్పున ఆపేశాడు.

"అలామాక్!" అంటూ దిగి, వంగి, చాలాసేపు చూశాడు. "వెనకవి తిరగబడ్డాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి."

అరీబా ముఖం పాలిపోయింది. "నేను మంచిగనే చూసిన అంకుల్. రెండుసార్లు చూసిన."

"పోనీలేమ్మా. నేను కూడా చూసుకోవాల్సింది" అన్నాడు నాన్న. అని టేపులు పీకేసి ఉండచుట్టి డబ్బాలో పడేశాడు. కోపంగా కాదు. కానీ అరీబా కళ్లు ఆ డబ్బా మీదే ఉండిపోయాయి. కాసేపటికి "అమ్మీ పిలుస్తుందేమో" అని గొణిగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

నాన్న మళ్లీ స్పానర్ తీసుకున్నాడు. "ఆ పిల్లకి ఇంకా అలవాటు కాలేదు. ఇక నుంచి గుర్తులు పెట్టే పని నువ్వే చూడు చాందినీ."

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట! అయినా చాందిని కళ్లు డబ్బాలోని టేపుల ఉండ మీదికే పోయాయి. ఒక్క నట్టు విప్పడానికి నాన్న రెండు చేతులతో వేలాడుతున్నాడు. ఆయన మోచేయి గీరుకుని రక్తం వచ్చింది. చూడలేదు ఆయన. చాందిని చూసింది.

"నాన్నా, ఇప్పుడే వస్తా" అని టార్చి కింద పెట్టి పరిగెత్తింది.

తొమ్మిదో అంతస్తులో తలుపు తీసింది అరీబా వాళ్ల అమ్మ, షహజాది ఆంటీ. "ఏమైంది బేటీ? మా పిల్ల వచ్చిన కాడి నుంచి మాట్లాడతలేదు."

అరీబా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చాందిని వచ్చినా తల తిప్పలేదు. పైగా తానే అంది: "సారీ చెప్పు అంకుల్‌కి. నా కళ్లే బాగలేవు. ఇంక నేను రాను."

చాందినికి ఇక ఆగలేదు. "నీ కళ్లు బాగానే ఉన్నాయి! నువ్వు కరెక్ట్‌గానే రాశావు. నేనే మార్చాను."

అరీబా మెల్లగా ఇటు తిరిగింది. "ఎందుకు?"

"నాన్న నిన్నే శభాష్ అన్నాడు కదా. అన్నీ నీకే చెప్పాడు కదా." ఇంకా ఏదో చెబుదామనుకుంది. పైకి చెప్పాక ఆ కారణం ఎంత చిన్నదో తనకే తెలిసింది. "సారీ, అరీబా."

అరీబా ఓదార్చలేదు, ఫర్వాలేదు అనలేదు. కళ్లనిండా నీళ్లతో, కోపంగా చూసింది. "నాకు తెల్వక చేసిన అనుకున్నా. ఇంతసేపు ఏడ్చిన. అంకుల్‌కి చెప్పినవా?"

"లేదు."

"ముందుగాల అక్కడ చెప్పు."

ఇద్దరూ లిఫ్ట్‌లో కిందికి దిగారు. రోడ్డు దాటుతుంటే చాందిని వెనకబడింది. వర్క్‌షాప్‌లోకి వెళ్లి, నాన్న కళ్లలోకి చూడకుండా, మొత్తం చెప్పేసింది.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేరుగా అరీబా దగ్గరికి వచ్చి వంగాడు. "నువ్వు రెండుసార్లు చూశానని చెప్పావు. నేను నమ్మలేదు. తప్పు నాదేనమ్మా." తర్వాత చాందిని వైపు తిరిగాడు. "నీది ఎంతో పెద్ద మనసు అనుకునేవాణ్ని." అంతే అన్నాడు. స్పానర్ ఆమె చేతిలో పెట్టాడు. "పట్టు. విప్పుదాం."

ఆ సాయంత్రం చాందిని నట్లతో కుస్తీ పట్టింది. అరచేతులు ఎర్రగా కందాయి. అరీబా మళ్లీ బాణాలు చూసి చెప్పింది. చాందిని మాట్లాడితే మాత్రం జవాబివ్వలేదు. దీపాలు పెట్టే వేళకి బండి చప్పుడు లేకుండా మెత్తగా కదిలింది.

మర్నాడు పొద్దున మంచు హాల్లో మేనేజర్ ఆంగ్ అంకుల్ ఎదురొచ్చాడు. లోపల తెల్లగా, కొండలా మంచు! అద్దం గోడ ఇవతల నిలబడితేనే ముక్కు చల్లబడింది. చాందిని గానీ అరీబా గానీ పుట్టి బుద్ధెరిగాక మంచు చూడలేదు.

"పిల్లలెవరైనా ఒకరు వెనక కూర్చోవచ్చు. పిల్లల సైజు జాకెట్ ఇంకా ఒక్కటే వచ్చింది" అన్నాడు ఆంగ్ అంకుల్.

నాన్న అలవాటుగా జాకెట్‌ను చాందిని వైపు చాచాడు. ఎర్ర జాకెట్. లోపలంతా దూది మెత్తన. చాందిని అందుకుంది. ఎంత కావాలనిపించిందో! పక్కన అరీబా నేల వైపు చూస్తూ నిలబడింది. నిన్నంతా ఏడ్చిన కళ్లు ఇంకా వాచే ఉన్నాయి.

లోపల పాత మంట మళ్లీ రగిలింది. పోలేదు అది. చాందిని జాకెట్‌ను ఇంకోసారి చేత్తో నిమిరింది.

"చేతులు చాపు" అంది.

అరీబా తలెత్తింది. "నువ్వు?"

"నేను ఇంకో జాకెట్ వచ్చాక చూస్తాలే. తొందరగా చాపు!"

జిప్పు మెడ దాకా లాగింది. టోపీ సరిచేసింది. "ఇదిగో, ఈ స్విచ్ నీ చేతిలో ఉంటుంది. పైకి నొక్కితే బ్లేడు లేస్తుంది, కిందికి నొక్కితే దిగుతుంది. నాన్న మలుపు తిప్పే ముందే ఎత్తేయాలి, లేకపోతే ఇరుక్కుంటుంది." అదంతా నాన్న తనకు నేర్పిన కిటుకు.

అరీబా ఎక్కగానే నాన్న బండిని మంచులోకి నడిపాడు, వెనక తలుపు మూసుకుంది. చాందిని అద్దానికి నుదురు ఆనించింది. ట్రాక్‌లు మంచును కరిచి పట్టుకుని ముందుకు సాగాయి. బ్లేడు ముందు మంచు అలలా లేచి పక్కకు పొర్లింది. గోడ దగ్గరికి వచ్చేసరికి బ్లేడు గుట్టలో కూరుకుపోయింది. బండి ఆగింది. అరీబా కంగారుగా స్విచ్ వైపు, తర్వాత అద్దం వైపు చూసింది.

"పైకి! పైకి నొక్కు!" చాందిని అరిచింది. అద్దం దాటి మాట వెళ్లదు. అందుకని రెండు చేతులూ తలపైకి ఎత్తి ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఆంగ్ అంకుల్ నవ్వుతున్నా పట్టించుకోలేదు.

అరీబా స్విచ్ నొక్కింది. మంచు రాలుస్తూ బ్లేడు మెల్లగా పైకి లేచింది.

నిన్నటి నుంచి మొదటిసారి అరీబా నవ్వింది. అద్దం ఇవతల చాందిని చప్పట్లు కొడుతూనే ఉంది.